పెన్నా బ్రిడ్జి మీద నీరసించే బండి: ఒక మోడల్ రైల్వే కరెంటు కేసు

ఈ మోడల్ రైల్వే లేఅవుటు, అంటే పట్టాలూ స్టేషన్లూ అమర్చిన బొమ్మ లైను, కావలిలో, మేడ మీద గదిలో ఉంది. గోడల వెంబడి కట్టిన హెచ్‌ఓ స్కేలు లైను, అంటే 1:87, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 పైన రావాలి. కానీ దొరికే పట్టాలు, చక్రాలు అన్నీ 16.5వే కాబట్టి ఇండియన్ మోడళ్లు కూడా దాని మీదే నడుస్తాయి. కంట్రోల్ బల్ల మోడల్‌లోని కావలి స్టేషను దగ్గర. అక్కణ్ణుంచి బిట్రగుంట యార్డు, తలమంచి, పడుగుపాడు దాటి పెన్నా బ్రిడ్జి. ఆ తర్వాత నెల్లూరు. నెల్లూరు దాటాక బొమ్మల తెర వెనక నుంచి మళ్లీ కావలికి చేరే మెయిన్‌లైను, చుట్టుకొలత 13 మీటర్లు. ఒకప్పుడు పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న ఊరు కాబట్టి బిట్రగుంటలో టర్న్‌టేబులు కూడా పెట్టారు. నెల్లూరు పక్కన తెర వెనక, బండిని వెనక్కి తిప్పి పంపే రివర్సింగ్ లూపు ఒకటి ఉంది. నడిపేది డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో, అంటే పట్టాల్లో పారే కరెంటుతోనే ఒక్కో ఇంజనుకు విడిగా ఆజ్ఞలు వెళ్తాయి. ఆ ఆజ్ఞలూ కరెంటూ పట్టాలకు పంపే కమాండ్ స్టేషను 5 ఆంపియర్లది. దానికి కరెంటిచ్చేది 16 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఎలక్ట్రానిక్ పవర్ సప్లై).

ఫిర్యాదులు నాలుగు. పెన్నా బ్రిడ్జి దగ్గరికి రాగానే బండి నెమ్మదిస్తుంది. రెండు సౌండ్ ఇంజన్లు కట్టి, లైట్లున్న ఎనిమిది పెట్టెలు తగిలిస్తే బ్రిడ్జి మీద సౌండు ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి స్టార్టవుతుంది. రివర్సింగ్ లూపులోకి పెద్ద బండి వెళితే ఒక్కోసారి మొత్తం ఆగిపోతుంది. బిట్రగుంట యార్డులో నాలుగో నంబరు పాయింటు (బండి లైను మారే చోటు) మీద చిన్న షంటింగ్ ఇంజను నిలబడిపోతుంది. అడిగితే తప్ప చెప్పని ఐదోది వీటన్నిటికన్నా ముఖ్యమైనది. ఒకసారి బ్రిడ్జి దగ్గర పెట్టె పట్టాలు తప్పి అడ్డంగా పడితే కమాండ్ స్టేషను ట్రిప్ కాలేదు, అంటే కరెంటును తెంచలేదు. పెట్టెని చేత్తో తీసేసరికి బోగీ ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయి ఉంది.

ఇక్కడ మొదట నిలబెట్టాల్సింది ఆ ఐదో ఫిర్యాదునే. బండి నెమ్మదించడం చిరాకు. షార్టయినా ట్రిప్ కాకపోవడం నిప్పు.

అప్పటికే జరిగిన మరమ్మతులు

ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియను చూసి చెప్పిన మాట: "సార్, సాయంత్రం పూట మనకు లో వోల్టేజీ. స్టెబిలైజరు పెట్టేద్దాం." అది అనుమానించదగిన సంగతే గానీ ఈ కేసుకు వర్తించదు. ఈ రకం ఎస్‌ఎంపీఎస్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసే ఉంటుంది. లైను వోల్టేజీ 190కి పడినా దాని అవుట్‌పుట్ 16 దగ్గర కదలకుండా ఉంది. పాత ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే డీసీ కంట్రోలరైతే కథ వేరు, అక్కడ మెయిన్స్ పడితే పట్టా మీద వోల్టేజీ కూడా ఆ మేరకు పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ ఉన్న చోట స్టెబిలైజరు ఖర్చు దండగ.

రెండోది, బ్రిడ్జి ఎత్తు మీద అనుమానంతో ఇంజన్లలో బరువు పెంచారు. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, దాంతో మోటారు లాగే కరెంటూ పెరుగుతుంది. ఈ కేసులో అది మంటకు గాలి విసిరినట్టయింది.

మూడోది, మల్టీమీటరు బీప్ మోడులో పెట్టి ప్రతి జాయింటూ చూశారు. అన్నీ బీప్‌మన్నాయి కాబట్టి పట్టాలు బాగున్నాయని తేల్చారు. మోసం ఇక్కడే ఉంది. చాలా మీటర్లు 30 ఓంల కంటే తక్కువ ఉన్న దేన్నైనా బీప్ అంటాయి. మోడల్ రైల్వేలో ఒక్క ఓం కూడా ఎక్కువే. మూడున్నర ఓంల చెడ్డ జాయింటు కూడా హాయిగా కూస్తుంది.

నాలుగోది, బ్రిడ్జి దగ్గర పట్టాల మీద మీటరు పెట్టి వోల్టేజీ చూశారు. కంట్రోల్ బల్ల దగ్గరున్నంతే వచ్చింది. వస్తుంది మరి. మీటరు లాగే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. ఓం సూత్రం ప్రకారం వోల్టేజీ పడాలంటే కరెంటు పారాలి. కరెంటు పారనిచోట వంద ఓంల తుప్పు ఉన్నా మీటరుకు కనబడదు. లోడు లేకుండా కొలిచిన వోల్టేజీ లెక్కలోకి రాదు. ఈ కేసంతా ఆ ఒక్క విషయం మీదే తిరుగుతుంది.

లోడుతో కొలిచే పనిముట్టు

ట్రంకురోడ్డులో ఏ ఆటోమొబైల్ స్పేర్ల దుకాణంలోనైనా కారు బ్రేక్‌లైటు బల్బు దొరుకుతుంది: 12 వోల్టులు, 21 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 1.75 ఆంపియర్లు లాగుతుంది, 14 పైన అయితే రెండుకు దగ్గరగా. రెండు సౌండ్ ఇంజన్లు చెరి అర ఆంపియరు చొప్పున, పాత తంతి బల్బులున్న ఎనిమిది పెట్టెలు కలిసి మరో అర ఆంపియరు పైన అనుకుంటే, ఆగిపోతున్న బండి లాగేదీ ఇంచుమించు ఇంతే. అందుకే ఈ బల్బే సరైన తూకం. బైకు ఇండికేటరు బల్బు 10 వాట్లది సరిపోదు.

డీసీసీలో ఇంకో చిక్కు ఉంది. పట్టాల మీద ఉండేది 50 హెర్ట్జ్ ఏసీ కాదు, ఇంచుమించు 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య అటూఇటూ మారే చదరపు తరంగం. మామూలు మల్టీమీటరు ఏసీ రేంజి ఇంటి కరెంటుకు సరిచేసింది కాబట్టి, ఇక్కడ అది చూపే అంకె తప్పు కావచ్చు. దారి సులువే. నాలుగు 1ఎన్5822 షాట్‌కీ డయోడ్లతో బ్రిడ్జి రెక్టిఫయరు (ఏసీని డీసీ చేసే కూర్పు) కట్టి, దాని ఏసీ కాళ్లకు రెండు క్రొకడైల్ క్లిప్పులు, డీసీ కాళ్లకు బల్బు తగిలించాలి. మీటరు డీసీ 20 వోల్టుల రేంజిలో బల్బుకు అడ్డంగా. బల్బుకు వరసలో చిన్న స్విచ్చు పెడితే లోడుతో, లోడు లేకుండా రెండూ ఒకేచోట చూడొచ్చు. మామూలు 1ఎన్4007 డయోడ్లు వాడకూడదు. అవి ఒక ఆంపియరువి, పైగా ఈ వేగానికి నిదానం. బల్బు పది పదిహేను సెకన్లకు మించి వెలిగించొద్దు, వేడికి క్లిప్పుల దగ్గర పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి.

డయోడ్లలో కొంత వోల్టేజీ పోతుంది కాబట్టి మొదట కమాండ్ స్టేషను టెర్మినళ్ల దగ్గరే కొలిచి, ఆ అంకెను ఆధారంగా పెట్టుకోవాలి. ఇక్కడ వచ్చినవి:

కమాండ్ స్టేషను దగ్గర, లోడు లేకుండా 15.1, బల్బుతో 14.4 వోల్టులు.
బిట్రగుంట యార్డు మొదట్లో, లోడు లేకుండా 15.1, బల్బుతో 12.6.
పెన్నా బ్రిడ్జి మీద, లోడు లేకుండా 15.0, బల్బుతో 9.8. బల్బు లాగిన కరెంటు 1.6 ఆంపియర్లు.

లోడు లేనప్పటి వరుస మాత్రమే చూస్తే మూడు చోట్లా ఏ తేడా లేదు. లోడుతో బ్రిడ్జి దగ్గర 4.6 వోల్టులు మాయం. 4.6ను 1.6తో భాగిస్తే దారిలో ఉన్న నిరోధం 2.9 ఓంలు.

ఆ ఒక్క అంకెతో ఐదో ఫిర్యాదు విడిపోయింది. బ్రిడ్జి దగ్గర పూర్తి షార్టు అయితే పారే కరెంటు 15ను 2.9తో భాగిస్తే 5.2 ఆంపియర్లు. చక్రం పట్టా కలిసే చోటి నిరోధం, వైర్ల నిరోధం కలుపుకుంటే ఐదుకు అటో ఇటో. కమాండ్ స్టేషను ట్రిప్ అయ్యేదీ ఐదు దగ్గరే. అంటే దాని దృష్టిలో అది షార్టు కాదు, బాగా పనిచేస్తున్న పెద్ద లోడు. ఐదు ఆంపియర్లు 2.9 ఓంల గుండా పారితే పుట్టే వేడి 72 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. ఆ వేడి అంతా ఒకేచోట పుట్టదు గానీ, చెడ్డ జాయింటు దగ్గరా, పడ్డ చక్రం దగ్గరా పుట్టిన వాటా బోగీ మెత్తబడటానికి చాలింది.

2.9 ఓంలు ఎక్కడ దాక్కున్నాయి

పట్టాలు నికెల్ సిల్వరువి. పేరులో సిల్వరే గానీ లోపల ఉండేది రాగి, నికెల్, జింకు. ఈ మిశ్రమం నిరోధం రాగికి పదిహేను రెట్ల పైమాటే. కోడ్ 100 సైజు పట్టా ఒక్కటి మీటరుకు 0.1 ఓం చుట్టుపక్కల ఉంటుంది. పోను, రాను రెండు పట్టాలు కాబట్టి మీటరు లైనుకు 0.2. బ్రిడ్జి బల్ల నుంచి ఏ వైపు వెళ్లినా 6.5 మీటర్లు, అంటే ఒక్కో వైపు 1.3 ఓంలు. రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి కలిపి 0.65. పట్టాల వంతు అంతే, మిగతా తప్పు పట్టా ముక్కలను కలిపే రేకులది, అంటే ఫిష్‌ప్లేట్లది. ఈ లేఅవుటులో బస్ వైరు, అంటే లైను పొడవునా కరెంటు మోసే లావు వైరు, లేదు. కావలి స్టేషను దగ్గర ఒకే జత ఫీడర్లు (పట్టాకు కరెంటు తెచ్చే తీగలు) సోల్డరు చేసి, మిగతా 13 మీటర్లూ ఫిష్‌ప్లేట్ల దయకు వదిలేశారు.

ఏ ఫిష్‌ప్లేటు చెడిందో పట్టుకోవడానికి మిల్లీవోల్టు పరీక్ష కావాలి. డీసీసీ నడుస్తుండగా ఇది కుదరదు, చౌక మీటర్లలో ఏసీకి మిల్లీవోల్టు రేంజే ఉండదు. చేసిన పద్ధతి ఇది:

కమాండ్ స్టేషను వైర్లు పట్టాల నుంచి పూర్తిగా విప్పేయాలి. ఇంజన్లు, లైట్ల పెట్టెలు అన్నీ పట్టాల మీద నుంచి తీసేయాలి. డీసీ తగిలితే కొన్ని డీకోడర్లు (ఇంజన్లలో ఆజ్ఞలు చదివే సర్క్యూట్లు) దాన్ని పాత పద్ధతి కంట్రోలరు అనుకుని ఇంజన్ని పరుగెత్తిస్తాయి. తర్వాత అవే ఫీడర్లకు 12 వోల్టుల డీసీ ఇవ్వాలి, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ అయినా సరే, ఫ్యూజు పెట్టిన బైకు బ్యాటరీ అయినా సరే. బ్రిడ్జి మధ్యలో ఒకచోట రెండు పట్టాల ఫిష్‌ప్లేట్లనూ పక్కకు జరిపి లైను విడదీయాలి. అలా తెంపకపోతే కరెంటు మంచివైపు నుంచి తిరిగి వచ్చేసి చెడ్డవైపును దాచేస్తుంది. ఇప్పుడు ఒక్కో వైపు చివర బల్బు తగిలించి, మీటరు డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి, ప్రతి జాయింటుకూ అటొక మొన, ఇటొక మొన ఒకే పట్టా మీద ఆనించి చదవాలి. మొనలు ఫిష్‌ప్లేటుకు కాదు, పట్టాకే తగలాలి.

బిట్రగుంట వైపు మంచి జాయింట్లు 10 నుంచి 50 మిల్లీవోల్టుల మధ్య చూపాయి. మూడు మాత్రం 1.4, 1.1, 0.8 వోల్టులు. మిల్లీవోల్టులు కాదు, వోల్టులు. తెర వెనక వైపు ఇంకా అన్యాయం: ఒక్క జాయింటు దగ్గరే, మీటరును 20 వోల్టుల రేంజికి మార్చి చదివితే, 3.2 వోల్టులు, అప్పుడు పారుతున్నది 0.9 ఆంపియరే. అంటే ఆ ఒక్క ఫిష్‌ప్లేటు 3.5 ఓంలు. బీప్ పరీక్షలో "బాగుంది" అన్నదీ ఇదే.

విప్పి చూస్తే కారణాలు మూడు తేలాయి. కనబడే భాగంలో కంకర అంటించడానికి నీళ్లు కలిపి పోసిన తెల్ల జిగురు ఫిష్‌ప్లేట్ల లోపలికి పాకి, పట్టాకూ రేకుకూ మధ్య పొర కట్టింది. పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసినప్పుడు కొంత పెయింటు కూడా దూరింది. తెర వెనక కంకరా లేదు, రంగూ లేదు, కానీ అక్కడ వేసినవి వాడిన పట్టాలు, సాగిపోయిన పాత ఫిష్‌ప్లేట్లు. సాగిన రేకు పట్టాను బిగించి పట్టుకోదు. కావలిలో మధ్యాహ్నం తర్వాత తుమ్మలపెంట వైపు నుంచి వీచే సముద్రపు గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి. గది కిటికీ అటే. బిగువు లేని సందులోకి ఆ గాలి చేరితే లోహం నల్లబడటం ఎంతో కాలం పట్టదు. కిటికీ మూసెయ్యమని చెప్పడం తేలికే. ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో కిటికీ మూసి కూర్చోవడం ఎవరి తరం?

సరిచేసిన విధం

ఫిష్‌ప్లేట్లన్నీ మార్చి సరిపెట్టుకోవడం ఒక దారి. రెండేళ్లకు మళ్లీ ఇదే కథ. కరెంటు మోసే బాధ్యత నుంచే ఫిష్‌ప్లేటును తప్పించడం అసలు దారి. దాని పని పట్టాలను ఒక వరుసలో నిలబెట్టడం, అంతే.

ప్లైవుడ్ అడుగున బస్ వేశారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఎరుపొకటి, నలుపొకటి. ఇళ్లల్లో ప్లగ్ పాయింట్లకు వాడేదే, దుకాణంలో మీటర్ల లెక్కన కోసిస్తారు. కమాండ్ స్టేషను దగ్గర మొదలై ఎడమకు బిట్రగుంట మీదుగా 7 మీటర్లు, కుడికి తెర వెనక 7 మీటర్లు. రంగుకు 16 మీటర్లు కొంటే సరిపోయింది. బస్ ఎడమ, కుడి చేతులు రెండూ బ్రిడ్జి దగ్గర కలపకుండా విడిగా వదిలేశారు. కలిపి గుండ్రంగా చేయాలనేవాళ్లూ ఉన్నారు గానీ, విడిగా ఉంటే తర్వాత తప్పు వెతికేటప్పుడు ఒక చేతిని విప్పి రెండోదాన్ని పరీక్షించొచ్చు. ఈ పొడవుకు వోల్టేజీ పరంగా కలిపినా కలపకపోయినా పెద్ద తేడా లేదు. 7 మీటర్ల బస్ పోను రాను 14 మీటర్లు, నిరోధం 0.1 ఓం. రెండు ఆంపియర్లకు పోయేది 0.2 వోల్టు. 1.5 చదరపు మిల్లీమీటర్లయినా నడిచేదే, కానీ షార్టు కరెంటు దిట్టంగా పారాలంటే 2.5 వేయడం మేలు. మీటరు మీద ధర తేడా చూసి వెనకాడాల్సిన పని కాదు.

ఫీడర్లు 0.5 చదరపు మిల్లీమీటరువి, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్లకు మించకుండా. ఫ్లెక్స్ పట్టా (వంచగలిగే పట్టా) ఒక్కో ముక్క 914 మిల్లీమీటర్లు. ప్రతి ముక్కకూ, రెండు పట్టాలకూ ఒక్కో ఫీడరు. మెయిన్‌లైనుకు 15 ముక్కలు, యార్డుకు 11, మొత్తం 26 జతలు. ముక్క విడిచి ముక్కకు పెడితే చాలదా అంటే, కొత్తలో చాలుతుంది. జాయింటు ముసలిదయ్యాక చాలదు.

సోల్డరింగులో ఎక్కువమంది చేసే తప్పు చిన్న ఐరన్ వాడటం. 25 వాట్ల ఐరన్ పట్టాను వేడెక్కించడానికి అర నిమిషం తీసుకుంటుంది, ఈలోగా ఆ వేడి అటూఇటూ పాకి స్లీపర్లను కరిగిస్తుంది. 60 వాట్ల ఐరనైతే మూడు నాలుగు సెకన్లలో పని ముగుస్తుంది. పట్టా బయటి వైపు, అడుగు అంచు దగ్గర, ఫైలుతో లోహం మెరిసేదాకా రాసి, రోజిన్ ఫ్లక్సు పూసి, పట్టాకూ తీగకూ విడివిడిగా 60/40 లెడ్డు పట్టించి, ఆ తర్వాత రెండూ కలిపి వేడి చేయాలి. అటూఇటూ రెండు తడి దూది ముద్దలు పెడితే స్లీపర్లు నిలుస్తాయి. యాసిడ్ ఉన్న పేస్టు వద్దు. దాని అవశేషం ఈ తేమగాలిలో నెలల్లోనే పచ్చగా చిలుము పట్టించి తీగను తినేస్తుంది. లెడ్డు పట్టా లోపలి అంచుకు వస్తే చక్రం ఎక్కి దిగుతుంది కాబట్టి ఎప్పుడూ బయటి వైపే.

బస్‌కు ఫీడరు కలిపేచోట బస్ వైరు తెంపక్కర్లేదు. ఒక సెంటీమీటరు మేర ఇన్సులేషను ఒలిచి, ఫీడరు నాలుగు చుట్లు చుట్టి సోల్డరు చేయడమే. ఎరుపు, నలుపు ఒలిచిన చోట్లు పక్కపక్కనే రాకుండా పది సెంటీమీటర్లు ఎడం ఉంచాలి. పైన చుట్టే నల్ల పీవీసీ టేపు ఈ జిల్లాలో పనికిరాదు. స్లాబు కింద గది మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, జిగురు కారి టేపు ఊడి వేలాడుతుంది. వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం, హీట్ ష్రింక్ స్లీవే వాడాలి. తెగని వైరుకు స్లీవు ఎక్కించాలంటే పని మొదలుపెట్టక ముందే లెక్కపెట్టుకుని అన్నీ వైరు మీదికి తోసి ఉంచుకోవాలి. అది మర్చిపోయిన చోట లివర్ కనెక్టర్లు వాడొచ్చు, వాటికోసం బస్‌ను తెంపాల్సి వస్తుంది.

ఎర్ర వైరు ఎప్పుడూ గోడ వైపు పట్టాకే. ఒక్క ఫీడరు తారుమారైనా షార్టే. అందుకే అన్నీ కలిపాక ఒకేసారి స్విచ్ వేయకుండా, ప్రతి ఫీడరు కలపగానే ఎరుపు నలుపుల మధ్య బీప్ వస్తోందేమో చూడాలి, వస్తే షార్టే. బీప్ మోడు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే, ఓంలు కొలవడానికి కాదు.

ఫిష్‌ప్లేట్లన్నీ కూడా సోల్డరు చేసేస్తే పోలా అనిపిస్తుంది. వద్దు. నికెల్ సిల్వరు డిగ్రీకి మీటరుకు 16 మైక్రోమీటర్లు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ ఆ గదిలో 20 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. 13 మీటర్లకు 4 మిల్లీమీటర్ల పైన. ఎక్కడా సందు లేకపోతే ఎండాకాలంలో లైను పాములా వంకర తిరుగుతుంది. వంపుల్లో మాత్రమే సోల్డరు చేసి, తిన్నగా ఉన్నచోట జాయింటుకు అర మిల్లీమీటరు సందు వదిలారు. ఫీడరు ప్రతి ముక్కకూ ఉంది కాబట్టి ఆ వదులు జాయింట్లతో ఇప్పుడు నష్టం లేదు.

బిట్రగుంట యార్డును మెయిన్‌లైను నుంచి ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లతో విడగొట్టి, దానికి 3 ఆంపియర్ల దగ్గర తెగే ఎలక్ట్రానిక్ బ్రేకరు విడిగా పెట్టారు. యార్డులో ఇంజను పాయింటు మీద తప్పటడుగు వేసినా మెయిన్‌లైను మీద బండి ఆగదు. బ్రేకరు అంకె కమాండ్ స్టేషను కన్నా తక్కువ ఉండాలి. రెండూ ఐదే అయితే ఏది ముందు తెగుతుందో చెప్పలేం.

రివర్సింగ్ లూపు సంగతి

లూపులో బండి తిరిగి వచ్చేటప్పుడు ఎర్ర పట్టా నల్ల పట్టాకు ఎదురవుతుంది. ఆ క్షణం పుట్టే షార్టును పసిగట్టి ఆటో రివర్సరు లూపు ధ్రువాలను తిప్పేస్తుంది. పసిగట్టాలంటే షార్టు కరెంటు దాని సెట్టింగును దాటాలి. ఇక్కడ రివర్సరుకు కరెంటు బ్రిడ్జి పక్క పట్టాల నుంచే తీసుకున్నారు. పట్టాల మీద అప్పటికే రెండు ఆంపియర్ల బండి ఉంటే వోల్టేజీ కుంగిపోయి ఉంది, షార్టు కరెంటు రివర్సరుకు చాలినంత పారదు. అది తేల్చుకునేలోగా కమాండ్ స్టేషను మొత్తం ఆపేస్తుంది. నాలుగు ఫిర్యాదుల్లో ఇది వేరే జబ్బులా కనిపించింది గానీ సగం అదే 2.9 ఓంల పని. రివర్సరు ఇన్‌పుట్ నేరుగా బస్ నుంచి ఇచ్చి, దాని సెట్టింగు 3 ఆంపియర్లకు తగ్గించారు.

మిగతా సగం పొడవు లెక్క. లూపు కరెంటును మెయిన్‌లైను నుంచి విడదీయడానికి పట్టాల్లో తెగ్గోసిన సందుల మధ్య దూరం 2.4 మీటర్లు. అసలు రైల్లో ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె 23.5 మీటర్లు, 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు. ఎనిమిది పెట్టెలు 2.16 మీటర్లు. డబ్ల్యూఏపీ-7 ఇంజను 20.5 మీటర్లు, అంటే 23.6 సెంటీమీటర్లు. కప్లింగుల ఎడం కలిపితే 2.4 దాటింది. లైట్ల కోసం ప్రతి పెట్టె చక్రాలూ లోహపువే. అంటే ఇంజను బయటి సందు దాటుతుండగా చివరి పెట్టె ఇంకా లోపలి సందు మీదే ఉంది. రెండు చివర్లా ఒకేసారి షార్టయితే ఏ రివర్సరూ ఏమీ చేయలేదు, ఎటు తిప్పినా ఒకవైపు తప్పే. లూపు పొడిగించే చోటు లేదు. లూపులోకి వెళ్లే బండికి ఏడు పెట్టెలే అని నియమం పెట్టుకున్నారు. జంట ఇంజన్లైతే ఆరు.

పాయింటు, కాయిళ్లు

నాలుగో నంబరు పాయింటు కథ చిన్నది. పట్టాలు దాటుకునే చోట ఉండే వి ఆకారపు లోహపు ముక్కను ఫ్రాగు అంటారు. కదిలే నాలుక పట్టా, కదలని స్టాక్ పట్టాకు ఆనినప్పుడే దానికి కరెంటు అందుతుంది. నాలుక కొసన నలుపు చేరితే ఫ్రాగు చచ్చిపోతుంది. పొడవాటి ఇంజను మిగతా చక్రాలతో లాక్కుపోతుంది, ఆరు చక్రాల షంటరు అక్కడే కూలబడుతుంది. ఫ్రాగు నుంచి బయటికి వెళ్లే రెండు పట్టాలకు ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు వేసి, పాయింటు కడ్డీతో కదిలే మైక్రోస్విచ్చు పెట్టి, దాని మధ్య కాలు ఫ్రాగుకు, మిగతా రెండు కాళ్లు ఎరుపు, నలుపులకు ఇచ్చారు. స్విచ్చు తిరగబడితే పాయింటు మార్చిన ప్రతిసారీ షార్టవుతుంది, అప్పుడు ఆ రెండు కాళ్లూ అటుదిటు మార్చడమే.

యార్డు పాయింట్లను తిప్పే జంట కాయిళ్ల మోటార్లు కూడా అదే డీసీసీ నుంచి లాగుతున్నాయి. ఒక్కో తన్నుకు మూడు నాలుగు ఆంపియర్లు. ఆ క్షణం యార్డు ఇంజన్లు ఉలిక్కిపడతాయి. వాటికి విడిగా 16 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద కరెంటు కూడబెట్టి ఒక్కసారిగా వదిలే కెపాసిటరు డిశ్చార్జి యూనిటు: రెండు 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్లు సమాంతరంగా. కెపాసిటరు మీద 25 వోల్టులని ఉన్నది కొనొద్దు. 16 ఏసీని డీసీ చేస్తే 21 దాటుతుంది, లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు ఇంకాస్త పైకి వెళ్తుంది. 35 వోల్టులవి తీసుకోవాలి. ఈ యూనిటుతో ఇంకో మేలు, బటన్ ఇరుక్కుపోయినా కాయిలు మాడదు.

తర్వాతి కొలతలు

అదే బల్బు, అదే బ్రిడ్జి: లోడు లేకుండా 15.1, బల్బుతో 14.0. కమాండ్ స్టేషను దగ్గర 14.4 కాబట్టి పోయింది 0.4 వోల్టు, దారి నిరోధం 0.2 ఓం చిల్లర. అంగీకరించదగిన హద్దు ఏమిటంటే, పట్టా వోల్టేజీలో ఐదు శాతం, అంటే ఇక్కడ ముప్పావు వోల్టు. దాని లోపలే ఉంది.

చివరిది బిళ్ల పరీక్ష. ఇంజన్లన్నీ తీసేసి, రూపాయి బిళ్లను రెండు పట్టాల మీదా అడ్డంగా ఆనించాలి, ప్రతి ముక్క మీదా, ప్రతి పాయింటుకు ఇరువైపులా, యార్డులో ప్రతి రోడ్డు (యార్డు లైను) చివరి కొసనా. ఆనించగానే కరెంటు తెగాలి. ఒక సెకను దాటినా తెగకపోతే బిళ్ల తీసేసి ఆ ముక్క ఫీడరు చూడాలి. బ్రిడ్జి, తెర వెనక వెంటనే తెగాయి. టర్న్‌టేబులుకు దారితీసే రోడ్డులో ఒకచోట తెగలేదు. ఫీడరు సోల్డరు పైకి మెరుస్తోంది గానీ లోపల పట్టలేదు, లాగితే ఊడొచ్చింది. ఫైలు రాయకుండా రంగు మీదే లెడ్డు పోసిన జాయింటు అది. మళ్లీ చేశాక తెగింది.

పట్టాల పైభాగం శుభ్రతకు ఇసుక కాగితం వాడటం ఆపేయమన్నారు. గీతల్లో నలుపు ఇంకా తొందరగా కూరుకుంటుంది. పాత నూలు గుడ్డకు కొంచెం మినరల్ టర్పెంటైన్ అద్ది తుడవడం, కరెంటు ఆపి, కిటికీ తెరిచి. చక్రాలకూ అదే. పెట్టెల్లో తంతి బల్బులు తీసి ఎల్‌ఈడీ పట్టీలు వేస్తే ఎనిమిది పెట్టెలకూ కలిపి రెండు వందల మిల్లీ ఆంపియర్ల లోపే. అది ఇంకా చేయలేదు, తొందరేమీ లేదు.

బల్బు కొలతలు ఏడు చోట్లవి రాసి, ప్లైవుడ్ అడుగున బస్ పక్కనే అంటించారు. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను తేమంతా అయ్యాక, జనవరిలో ఒకసారి అవే ఏడు చోట్ల బల్బుతో చూసి, ఎక్కడైనా అర వోల్టు తగ్గితే ఆ ముక్క ఫీడరు, ఆ చేతి కనెక్టర్లు మాత్రం విప్పి చూడాలి. మొత్తం తవ్వక్కర్లేదు.